బెలూన్ పెడితే బిడ్డకు తగులుతుందా?

ప్రశ్న: ఇది నాకు తొలి కాన్పు. 41 వారాలు నిండుతున్నా నొప్పులు రాలేదు. గర్భాశయ ముఖద్వారం ఇంకా గట్టిగానే ఉందని, బెలూన్ పెట్టి చూద్దామని మా డాక్టర్ అన్నారు. అది బిడ్డకు తగలదా? మందులతోనే నొప్పులు తెప్పించుకోవడం మేలా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: తగలదమ్మా. బెలూన్ అనగానే పెద్దదేదో ఊహించుకుంటారు గానీ, అది మూత్రం పోవడానికి వాడే సన్నటి గొట్టమే. ఫోలీ కాథెటర్ అంటారు. దాన్ని ముఖద్వారం గుండా పంపి, కొసన ఉండే బుడగలో మామూలుగా 30 నుంచి 60 మిల్లీలీటర్ల సెలైన్ నింపుతారు. నిమ్మకాయంత అవుతుంది. బిడ్డ ఉమ్మనీటి సంచిలో ఉంటుంది, బుడగ ఆ సంచికి బయటే ఆగిపోతుంది.

బుడగ ఒత్తిడికి ముఖద్వారం మెల్లగా సాగుతుంది. ఆ ఒరిపిడికి అక్కడ సహజంగానే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు ఊరి, దాన్ని మెత్తబరుస్తాయి. పెట్టేటప్పుడు ఇబ్బందిగా ఉంటుంది, అబద్ధం చెప్పను. తర్వాత నెలసరి నొప్పిలాంటిది, కొద్దిగా రక్తపు చారలు మామూలే. సాధారణంగా 12 గంటలు, ఒక్కోసారి 24 గంటల దాకా ఉంచుతారు. ముఖద్వారం కాస్త తెరుచుకోగానే అదే జారిపోతుంది.

బెలూన్ పడిపోయింది, అయినా నొప్పులు రాలేదు, ఇక ఆపరేషనేనా అని చాలామంది కంగారు పడతారు. అది జారిపోవడమే మనకు కావలసింది! తలుపు తెరవడం వరకే దాని పని. ఆ తర్వాత ఉమ్మనీటి సంచిని చిదిపి, ఆక్సిటోసిన్ డ్రిప్ పెడితే అసలు నొప్పులు మొదలవుతాయి. తొలి కాన్పులో ఇదంతా ఒక్క రోజులో తేలకపోవచ్చు.

ఇక మందుల సంగతి. జెల్, మాత్రలు కూడా బాగానే పనిచేస్తాయి. కాకపోతే వాటితో ఒక్కోసారి నొప్పులు మరీ దగ్గర దగ్గరగా వచ్చి బిడ్డ గుండె కొట్టుకోవడంలో తేడా వస్తుంది. బెలూన్‌తో ఆ బెడద తక్కువ. సిజేరియన్ అవసరమయ్యే అవకాశం మాత్రం రెండింటిలోనూ దాదాపు ఒకటే. ముందు సిజేరియన్ అయినవారికి మిసోప్రోస్టాల్ మాత్రలు ఇస్తే పాత కుట్టు విడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, వాళ్లకు బెలూనే నయం.

మాయ ముఖద్వారానికి అడ్డంగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగి ఉన్నా బెలూన్ పెట్టకూడదు. మీ స్కాన్‌లో మాయ ఎక్కడుందో డాక్టర్‌ను ఒక మాట అడగండి. బెలూన్ పెట్టాక రక్తం ఎక్కువగా పోయినా, ఉమ్మనీరు కారినా, జ్వరం వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా అది జారిపడేదాకా ఆగకండి, వెంటనే నర్సును పిలవండి.