ఆట మధ్యలో ఆగిపోయే కంప్యూటర్‌: నింద వేడి మీద, దొంగ వేరు

ఆట మొదలుపెట్టిన అరగంటకల్లా డెస్క్‌టాప్ టక్కున ఆగిపోతోందని, వేడి వల్లేనా, గ్రాఫిక్స్ కార్డు మార్చాలా అని అడిగారు. కార్డు జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ఒక్క సంగతి చూడండి. ఆగిపోయాక బటన్ నొక్కితే వెంటనే లేస్తోందా, లేక వెనక ఉన్న స్విచ్చి ఆపి, కాసేపాగి మళ్లీ వేస్తేగానీ లేవడం లేదా? రెండోదైతే దొంగ, లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె, ఎస్‌ఎంపీఎస్సే. పందెం కాస్తాను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను మూడు వారాలు వేడి వెంటపడి తిరిగినవాణ్ణి. నాది 320 వాట్ల కార్డు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్. లెక్కకు అన్నీ కలిపినా ఐదు వందలు దాటేటట్టు లేవు. అయినా ఆగేది. చిత్రమేమిటంటే, మంటలూ పేలుళ్లతో తెర నిండిపోయిన యుద్ధంలో ఆగేది కాదు. మంచినీళ్లు తాగుదామని ఆట నిలిపి మెనూలోకి వెళ్తే ఆగేది! క్యాబినెట్ వెనక సన్నగా టిక్కుమని ఒక చప్పుడు, తెర నలుపు, ఫ్యాన్లు నీరసంగా తిరిగి తిరిగి ఆగడం. కీబోర్డు దీపాలు కూడా ఆరిపోయేవి. బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. వెనక స్విచ్చి ఆపి పది లెక్కపెట్టి వేస్తే, ఏమీ ఎరగనట్టు లేచి కూర్చునేది.

అందరూ వేడి అన్నారు. ప్రాసెసర్ మీది పాత పేస్టు తుడిచి కొత్తది రాశాను. దుమ్ము దులిపాను. ర్యామ్ తీసి పెట్టాను. చివరికి విండోస్ కూడా మళ్లీ వేశాను. ఏ జబ్బుకైనా విండోస్ మళ్లీ వేయమనే వాళ్లు ఉంటారు. తల నొప్పన్నా అదే మందు రాస్తారు. విండోస్ తన చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే నమోదు కనబడగానే కారణం దొరికిందని సంబరపడేవాళ్లు ఇంకొందరు. కంప్యూటర్ సవ్యంగా ఆగకుండానే మళ్లీ మొదలైందని చెప్పడమే దాని పని. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

వేడికి ఒక మర్యాద ఉంది. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి వస్తే ముందు వేగం తగ్గించుకుంటుంది, ఆట నత్తనడక నడుస్తుంది. అప్పటికీ చల్లబడకపోతేనే ఆగిపోతుంది. వేడి కొలిచి రాసిపెట్టే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంతో నమోదు చేసి చూస్తే, నా యంత్రం ఆగడానికి ముందు చివరి వరుసలో ప్రాసెసర్ 68, కార్డు 71. ఆ అంకెలు చూశాక వేడి మీద కేసు కొట్టేశాను.

మరి మెనూలో ఎందుకు? అక్కడ తెర మీద గీసే బొమ్మలకు, అంటే ఫ్రేములకు, పరిమితి లేదు. గీయడానికి పెద్దగా ఏమీ లేకపోవడంతో కార్డు సెకనుకు కొన్ని వందల ఫ్రేములు గీసి పడేస్తోంది. ఇలాంటి కార్డులు లాగే కరెంటు ఒక్క తీరున ఉండదు. కొన్ని మిల్లీసెకన్ల పాటు కార్డుకు రాసిన వాట్లను బాగా మించిపోతుంది. ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ దాన్ని ప్రమాదమనుకుని గొళ్లెం వేసేస్తుంది. ఆ గొళ్లెం చాలావరకు వెనక స్విచ్చి ఆపితేనే ఊడుతుంది. 2022లో ఎస్‌ఎంపీఎస్‌ల కోసం వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ కుదుపుల కోసమే, 100 మైక్రోసెకన్ల పాటు రెట్టింపు భారాన్ని ఓర్చుకోవాలని నియమం పెట్టింది. గోల్డ్ అని మెరిసే స్టిక్కరుకు దీనితో సంబంధం లేదు. అది కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పేది మాత్రమే. ఆ స్టిక్కరు చూసి కొన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. గ్రాఫిక్స్ కార్డును అదుపు చేసే ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాంలో పవర్ లిమిట్, అంటే కార్డు లాగే కరెంటుకు హద్దు, 70 శాతానికి దించి ఆడండి. నాకు మూడు సాయంత్రాలు ఒక్కసారీ ఆగలేదు. మళ్లీ 100కు పెంచాను, ఇరవై నిమిషాల్లో టిక్.

తర్వాత క్యాబినెట్ పక్క తలుపు తీసి చూస్తే ఇంకో తప్పు కనబడింది, అది నాదే. కార్డుకు రెండు ఎనిమిది పిన్నుల సాకెట్లు ఉంటే, రెండింటికీ ఒకే కేబుల్‌కున్న రెండు తలలు తగిలించాను. సాకెట్‌కు 150 వాట్లు ప్రమాణం, మొత్తం బరువంతా ఒక్క తీగ మీద. వేరువేరు కేబుళ్లు వేస్తే జబ్బు తగ్గింది గానీ పోలేదు, మూడు రోజులకోసారి వచ్చేది. స్నేహితుడి 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చి పెట్టాక పూర్తిగా పోయింది. అప్పుడే ఒక పెద్ద పొరపాటు తప్పింది. కేబుళ్లన్నీ మళ్లీ ఎవరు లాగుతారని, పాతవి ఉంచేసి పెట్టె ఒక్కటే మార్చబోయాను. అలా ఎప్పుడూ చేయకండి. పెట్టె వైపు పిన్నుల వరస ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది, తప్పు తీగలో 12 వోల్టులు వెళ్తే హార్డ్ డిస్కులు కాలిపోతాయి. ఎస్‌ఎంపీఎస్ పెట్టె విప్పి చూద్దామనే సరదా కూడా వద్దు, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది.

అన్నట్టు, మీది యూపీఎస్ మీద నడుస్తోందా? అయితే మొదట దాన్ని పక్కన పెట్టి గోడ ప్లగ్గులో నేరుగా పెట్టి ఆడి చూడండి. 600 వీఏ అని రాసినవి చాలావరకు 360 వాట్ల దగ్గరే చేతులెత్తేస్తాయి.

నా పాత 650 వాట్ల పెట్టె ఇప్పుడు మా తమ్ముడి కంప్యూటర్‌లో ఉంది. వాడు ఆటలాడడు, పొద్దస్తమానం లెక్కల పట్టికలే. ఇంతవరకు ఒక్కసారి కూడా టిక్కుమనలేదట.