మొదటి బిడ్డకు సికిల్ సెల్ ఉంటే రెండో బిడ్డకు రాదా?

ప్రశ్న: మాది సిరొంచ దగ్గర పల్లె. నాలుగేళ్ల బాబుకు సికిల్ సెల్ జబ్బు. మా ఇద్దరికీ ట్రెయిట్ ఉందని, నలుగురు పిల్లల్లో ఒకరికి జబ్బు వస్తుందని చెప్పారు. ఇప్పుడు మా ఆవిడకు పదో వారం. బాబుకు వచ్చేసింది కాబట్టి ఈ బిడ్డకు భయం లేనట్టేనా? మాది మేనరికం, అందుకే వచ్చిందా? బాబు పాలిపోయి ఉంటే షాపులో ఐరన్ టానిక్ తెచ్చి పోస్తున్నాం.

జవాబు: ముందు ఆ టానిక్ ఆపండి. బాబుకు రక్తం తగ్గుతున్నది కణాలు త్వరగా చితికిపోవడం వల్ల. 120 రోజులు బతకాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగి 10, 20 రోజులకే పోతుంది. అందులోని ఐరన్ మాత్రం ఒంట్లోనే మిగులుతుంది. రక్తం ఎక్కించుకునే పిల్లలకైతే అది కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపే లెక్క) తక్కువని పరీక్షలో తేలి, డాక్టర్ రాస్తే తప్ప ఐరన్ వద్దు. 'రక్తం పట్టడానికి' అని షాపులో ఏది ఇచ్చినా లేబుల్ చూడండి. ఫెర్రస్, ఫెర్రిక్ అని ఉంటే అదీ ఐరనే. ఫోలిక్ యాసిడ్ సంగతి వేరు, రాసిచ్చి ఉంటే మానకండి.

నలుగురిలో ఒకరంటే వంతులవారీ లెక్కనుకున్నారు. మీ ఇద్దరిలోనూ ఈ జన్యువు రెండేసి ప్రతులు, ఒకటి మంచిది, ఒకటి సికిల్‌ది. ప్రతి కాన్పులో చెరొక ప్రతి బిడ్డకు వెళ్తుంది. రెండూ సికిల్‌వి పడితే జబ్బు (25 శాతం), ఒకటి పడితే మీలాగే ట్రెయిట్ (50 శాతం), ఏదీ పడకపోతే ఏమీ లేదు (25 శాతం). ఈ కాన్పుకూ అదే లెక్క. ట్రెయిట్ ఉన్నవాళ్లు సాధారణంగా ఆరోగ్యంగానే తిరుగుతారు కాబట్టి తరాల తరబడి ఎవరికీ తెలియదు. మేనరికం జబ్బును పుట్టించదు, ఒకే తాత నుంచి వచ్చిన సికిల్ జన్యువు ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం పెంచుతుంది. ఎవరి వైపు నుంచి అన్న తగువు ఇంట్లో పెట్టకండి, చెరొకటి ఇచ్చారు.

నా తొందరంతా ఆ పదో వారం గురించే. కడుపులోని బిడ్డకు జబ్బుందో లేదో చెప్పే పరీక్షలు రెండు: మావి నుంచి చిన్న ముక్క తీసే పరీక్ష 11 నుంచి 14 వారాల మధ్య, ఉమ్మనీటి పరీక్ష 15 వారాలు దాటాక. రెండింటిలోనూ గర్భస్రావం ప్రమాదం కొద్దిగా ఉంటుంది, అడిగి తెలుసుకోండి. ముందుగా మీ ఇద్దరి హెచ్‌పీఎల్‌సీ (రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్ష) రిపోర్టులు కావాలి. క్యాంపులో చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఒక్కటే అయ్యుంటే చాలదు. అది ట్రెయిట్‌నూ జబ్బునూ విడదీయలేదు, తలసీమియా అనే మరో వంశపారంపర్య రక్త జబ్బు ట్రెయిట్‌ను పట్టుకోలేదు. ఐదో నెల స్కాన్‌లో చూద్దామని ఆగితే, ఆ స్కాన్‌లో సికిల్ కనపడదు! ఈ వారమే జిల్లా ఆస్పత్రికి వెళ్లి జెనెటిక్ కౌన్సెలింగ్ (వంశపారంపర్య జబ్బులపై సలహా) అడగండి. తర్వాత నిర్ణయం మీది.

బాబును చూడకుండా ఇంతకుమించి చెప్పలేను. ఒక్కటి మాత్రం: జ్వరం 101 డిగ్రీలు దాటినా, ఉన్నట్టుండి తెల్లగా పాలిపోయినా, ఎడమ పక్కటెముకల కింద గట్టిగా తగిలినా పారాసిటమాల్ పోసి తెల్లారేదాకా చూడకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.