పేజీ చదవడం వేరు, కాపలా కాయడం వేరు

చి. రవికి ఆశీస్సులు.

టెర్మినల్‌లో అక్షరాలే చూపించే ఈలింక్స్ బ్రౌజర్‌లో సగం చదివేసరికి పేజీ దానంతటదే మళ్లీ లోడైపోతోందని రాశావు. ముందు ఒకటి తేల్చుకో నాయనా: ఆ పేజీని చదవాలా, ఏదైనా మారుతుందేమోనని కాపలా కాయాలా? రెంటికీ ఒకే సెట్టింగ్ పనికిరాదు.

చదవడానికైతే ఆటో రిఫ్రెష్ తీసెయ్. పేజీలో మెటా రిఫ్రెష్ ట్యాగ్ (ఇన్ని సెకన్లకు మళ్లీ లోడ్ చెయ్యమని పేజీ రాసినవాళ్లు పెట్టే సూచన) ఉంటే ఈలింక్స్ అడక్కుండానే దాన్ని పాటిస్తుంది. చిన్న ‘ఓ’ నొక్కి ఆప్షన్ మేనేజర్ తెరువు. డాక్యుమెంట్ కింద బ్రౌజ్, దాని కింద రిఫ్రెష్. అది 0 చేసి సేవ్ చెయ్యి. రిఫ్రెష్ కావాల్సిన అడ్రస్ ఎక్కడికీ పోదు, లింకుగా కనబడుతూనే ఉంటుంది. కాన్సస్ యూనివర్సిటీలో 1992లో మొదలైన లింక్స్ (Lynx) అనే ఇలాంటి బ్రౌజర్‌కే ఈ బెడద లేదు. ఎన్ని సెకన్లకో పేజీ పైన చూపించి, నువ్వు నొక్కేదాకా ఊరుకుంటుంది. నా ఓటు దానికే. కొత్తగా కావాలంటే రెంటిలోనూ కంట్రోల్ ఆర్, డబ్ల్యూ3ఎం అనే మరో టెక్స్ట్ బ్రౌజర్‌లో పెద్ద ‘ఆర్’.

కాపలాకైతే బ్రౌజర్‌ని తెరిచిపెట్టుకోనక్కర్లేదు. పేజీలోని టెక్స్ట్‌ను తెరమీద పడేసి ఊరుకునే డంప్ ఆప్షన్ (-dump)తో లింక్స్‌ను, ఇచ్చిన కమాండ్‌ను పదేపదే నడిపే వాచ్ (watch) కమాండ్ కింద నడుపు. ముందు డంప్‌ను ఒక్కసారి విడిగా నడిపి, నీక్కావాల్సిన లైను అందులో ఉందో లేదో చూడు. జావాస్క్రిప్ట్ తెచ్చిపెట్టే అంకెలైతే లింక్స్‌కు కనబడవు, ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా అంతే. నోలిస్ట్ ఆప్షన్ (-nolist) కూడా తగిలిస్తే అడుగున లింకుల జాబితా రాదు.

వాచ్‌కు ఏమీ చెప్పకపోతే 2 సెకన్లకోసారి సర్వర్ తలుపు తడుతుంది. అలా తడితే నీ ఐపీని బ్లాక్ చేసినా ఆశ్చర్యం లేదు. హైఫన్ ‘ఎన్’ పెట్టి 60 ఇవ్వు. పేజీయే 300 సెకన్లని చెబుతుంటే నువ్వూ 300 ఇవ్వు, అంతకంటే తొందరపడి లాభం లేదు.

అడ్రస్‌లో ఆంపర్‌శాండ్ (&) ఉంటే జాగ్రత్త. కోట్స్ లేకపోతే షెల్ (నువ్వు టైప్ చేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) అక్కడికే కమాండ్ తెంపేసి బ్యాక్‌గ్రౌండ్‌లోకి తోసేస్తుంది. వాచ్ తనకిచ్చిన కమాండ్‌ను మళ్లీ షెల్‌కే అప్పగిస్తుంది కాబట్టి ఒక వరస కోట్స్ చాలవు: అడ్రస్‌కు డబుల్ కోట్స్, మొత్తం కమాండ్‌కు సింగిల్ కోట్స్.

పేజీ తెరకంటే పొడవైతే వాచ్ మిగతాది కోసేస్తుంది, స్క్రోల్ ఉండదు. అందుకే నువ్వు చెప్పిన మాట ఉన్న లైన్లను మాత్రమే ఏరిపెట్టే గ్రెప్ (grep) కమాండ్‌తో కావాల్సిన లైను ఒక్కటే తీసుకో. హైఫన్ ‘డీ’ ఇస్తే మారిన అక్షరాలు వెలిగి కనబడతాయి. హైఫన్ ‘జీ’ ఇస్తే మార్పు రాగానే వాచ్ ఆగిపోతుంది, దాని తర్వాత బెల్ మోగించే కమాండ్ తగిలించుకోవచ్చు. పేజీలో గడియారం ఉండి, గ్రెప్ పెట్టకపోయావంటే మాత్రం ప్రతిసారీ మోగుతుంది. సర్వర్ పడిపోయినా మోగుతుంది, ఎందుకంటే గ్రెప్‌కు ఏమీ దొరక్క ఖాళీ వస్తే వాచ్ లెక్కలో అదీ మార్పే. బెల్ మోగినప్పుడు పేజీని ఒకసారి చేత్తో తెరిచి చూశాకే ఎవరికైనా ఫోన్ చెయ్యి.

— బాబాయి