నలభై ఏళ్ల పోర్ట్ సీసా తెరిచే ముందు

చిరంజీవి అబ్బాయికి,

మీ ఆఫీసు పెద్దాయన రిటైరవుతూ 1985 వింటేజ్ పోర్ట్ (ఆ ఒక్క ఏడాది పంటతోనే చేసిన పోర్చుగల్ తీపి వైన్) నీ చేతిలో పెట్టాడట, శనివారమే తెరుస్తానన్నావట. మీ పిన్ని చెప్పింది. మంచి ఏడాదే, ఆ పంటను పోర్చుగల్‌లో పేరున్న కంపెనీలు చాలావరకు వింటేజ్‌గా ప్రకటించాయి. కానీ శనివారం తాగాలంటే గురువారం రాత్రే సీసాను నిలబెట్టి పెట్టు.

ఎందుకంటే ఈ రకాన్ని రెండు మూడేళ్లకే పీపాలోంచి తీసి, వడకట్టకుండా సీసాకెత్తుతారు. ఆ తర్వాత ముదిరేదంతా సీసాలోనే. మడ్డి పక్కలకు పేరుకుంటుంది. లండన్ వచ్చిన కొత్తల్లో నేనో పాత సీసాను బీరువాలోంచి తీసి అలాగే వంచేశాను. చివరి గ్లాసులు ఫిల్టర్ అడుగున మిగిలిన కాఫీ పొడి నమిలినట్టున్నాయి.

బిరడా పొడిపొడిగా రాలుతుంది, కంగారుపడకు. పలచటి మల్లు గుడ్డలో వడకడితే సరిపోతుంది. సీసా మెడ వెనక ఫోన్ టార్చ్ పెట్టి, మధ్యలో ఆపకుండా ఒకే వంపులో జగ్గులోకి ఒంపు. కాసేపటికి నల్లటి చార ఒకటి మెడ వైపు పాకుతూ వస్తుంది. అక్కడ ఆపెయ్. అడుగున రెండు వేళ్లు వదులుకోవాలి, లోభించకు.

తెరవగానే వచ్చే వాసన చూసి తీర్పు చెప్పకు. మూసిన గది వాసనైతే కాసేపటికి పోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వచ్చి, గంటైనా పోకుండా ఇంకా పెరిగిందా, బిరడా వైన్‌ను చెడగొట్టినట్టే.

తెల్ల కాగితం మీద గ్లాసు వంచి చూడు. అంచు ఇటుక రంగుకు తిరిగి, నడుమ ఇంకా ఎరుపు మిగిలుంటే ప్రాణం ఉన్నట్టు. పులుస్తున్న రసంలో 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారా పోసి మధ్యలోనే పులియడం ఆపేస్తారు కాబట్టి తీపి మిగులుతుంది, పోర్ట్‌లో ఆల్కహాల్ 20 శాతం దాకా ఉంటుంది. ఆ తీపి ఎవరికైనా తెలుస్తుంది. నువ్వు చూడాల్సింది దాని వెనకున్న వగరు. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేస్తుందే, అది కొంచెమైనా ఉండాలి. పండు రుచి లేకుండా సారా ఒక్కటే గొంతులో మండితే దాని పని అయిపోయింది.

ఎండు అంజీరం, అక్రోటు వాసనలు రావచ్చు. నాకైతే మంచి పాత పోర్ట్‌లో మా ఊళ్లో పొగాకు బ్యారన్ తలుపు తీసినప్పటి వాసన వస్తుంది. వైన్ తెలిసినవాళ్లు దాన్నే సిగార్ పెట్టె వాసన అంటారు. నీకేం గుర్తొస్తే అదే కాగితం మీద రాసుకో. గంటకోసారి మళ్లీ రుచి చూసి, కొట్టేసి మళ్లీ రాయి.

చాక్లెట్ కేక్ పెట్టొద్దు. అక్రోట్లు, స్టిల్టన్ అనే ఇంగ్లిష్ నీలి చారల చీజ్ చాలు. మూడో రోజుకు ఉంచకు, అప్పటికి చప్పబడుతుంది.

నాకో అర గ్లాసు మూతపెట్టి ఉంచు. ఆదివారం భోజనానికి వస్తాం.

మీ బాబాయి