చిట్టికి, ఆ డేటా ముట్టుకునే ముందు

చిట్టీ,

ఉద్యోగం అమెరికాలో స్టేట్ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లోనని, మొదటి పనే బాలింతల మరణాల్లో జాతుల మధ్య తేడా మీదని మీ అమ్మ చెప్పింది. ఈ అమెరికా అంకెలతో ముప్పై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, అడక్కపోయినా చెప్తాను.

ముందు ఆ లెక్క ఎలా పుట్టిందో చూడు. చనిపోయినావిడ గర్భిణా, ఈమధ్యే కాన్పయిందా అని టిక్కు పెట్టే గడి మరణ ధృవీకరణ పత్రంలోకి 2003లో వచ్చింది, కానీ రాష్ట్రాలన్నీ ఒకేసారి తీసుకోలేదు, దాంతో 2007 తర్వాత మళ్ళీ 2018 దాకా దేశం మొత్తానికి అధికారిక రేటే లేదు. పైగా తప్పు టిక్కులు! పెద్ద వయసు వాళ్ళు కూడా గర్భిణులైపోయారు. గ్రాఫ్ లేచిందంటే మరణాలు పెరిగాయా, లెక్కించే తీరు మారిందా అన్నది ముందు తేల్చుకో. గర్భం ముగిశాక 42 రోజుల లోపు మరణాలా, ఏడాది లోపువా అన్నది కూడా.

తేడాని ఎలా చెప్తావన్నది ఇంకో తలనొప్పి. 2021లో, అంటే కోవిడ్ రోజుల్లో, లక్ష సజీవ జననాలకి నల్లజాతి స్త్రీల్లో 69.9 మరణాలు, తెల్లవాళ్ళలో 26.6. 2023కి అవి 50.3, 14.5. తీసివేసి చూస్తే తేడా 43 నుంచి 36కి తగ్గింది, భాగించి చూస్తే 2.6 రెట్లు కాస్తా 3.5 రెట్లయింది. రెండూ నిజమే. మీ బాస్ తనకి నచ్చిందొక్కటే అడుగుతాడు, నువ్వు రెండూ పెట్టు. మరణాలు 20 కంటే తక్కువైతే ఈ అంకెలు వేసే కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళే రేటు ఇవ్వరు, కాబట్టి మీది చిన్న రాష్ట్రమైతే కొన్నేళ్ళవి కలిపి చూడు. ఇక 'ఏషియన్' అనే గడిలో మనమూ, చైనా వాళ్ళూ, ఫిలిప్పీన్స్ వాళ్ళూ అందరం ఒకే మూట, దాన్ని చూసి మనకేం ఫర్వాలేదనుకోకు.

నా తప్పొకటి చెప్తాను. ఒకసారి బీపీ, బరువు, ఇన్సూరెన్స్, చదువు అన్నీ లెక్కల మోడల్లో వేసి వాటి ప్రభావం తీసేస్తే తేడా దాదాపు మాయమైంది, నేను సంబరపడిపోయాను. టేబుల్ చూసిన ఒక సీనియర్ నర్సు, "ఆ బీపీని ఎవరూ పట్టించుకోకపోవడమే కదమ్మా అసలు సంగతి, దాన్నే తీసేశావేం?" అంది. తల కొట్టేసినట్టయింది. జాతి అనే కాలమ్ రోగం కాదు, ఆ మనిషి పట్ల ఎలా నడుచుకున్నారో దాని జాడ. చదువు కూడా కాపాడలేదు మరి: 2007–2016 లెక్కల్లో డిగ్రీ ఉన్న నల్లజాతి స్త్రీల రేటు హైస్కూలు కూడా పూర్తిచెయ్యని తెల్లవాళ్ళ కంటే ఎక్కువ.

ఈ తేడాని తగ్గించడం గురించైతే కాలిఫోర్నియా ఆసుపత్రుల వాళ్ళు చేసింది చదువు. కాన్పులో పోయిన రక్తాన్ని కంటితో అంచనా కట్టడం మానేసి, తడిసిన గుడ్డల్ని తూకం వేశారు, మందులన్నీ ఒక బండిలో సిద్ధంగా పెట్టుకున్నారు, ఎవరికైనా అవే మెట్లు. రక్తస్రావమైన నల్లజాతి తల్లుల్లో తీవ్ర సమస్యలు 28.6 శాతం నుంచి 19.8కి దిగాయి, తెల్లవాళ్ళలో తగ్గింది రెండు శాతం చిల్లరే. నొప్పి అన్నా నమ్మని చోట తూకం పనిచేసిందని నేననుకుంటాను.

అందుకని నువ్వు గంటలు కూడా లెక్కపెట్టు: బీపీ పెరిగిందని రాసిన టైము, మందు పడిన టైము, జాతివారీగా. మీ రాష్ట్రంలో ఒక్కో మరణాన్నీ విడిగా పరిశీలించే కమిటీ ఉంటుంది, వాళ్ళ మీటింగులో ఓ మూల కూర్చోనిమ్మని అడుగు. మొదటి టేబుల్ అయ్యాక నాకు పంపు, బాస్‌కి పంపే ముందే.

నీ పెద్దమ్మ