విదేశీ సాయం తగ్గుతోంది... మన పనులేం కావాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

దేశాల మధ్య అభివృద్ధి సాయం, సహకారం ఇకముందు ఎలా ఉంటాయని అడుగుతూ పాలమూరు, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో పని చేస్తున్నాను. అమెరికా విదేశీ సాయం ఆపేసిందంటున్నారు. దానికీ మాకూ ఏమన్నా సంబంధం ఉంటుందా? – ఒక పాఠకుడు, జడ్చర్ల

ఉంటుంది. ఆఫ్రికాలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు రోజూ వేసుకునే మాత్రల్లో ఎక్కువ భాగం మన దేశంలో తయారైన జెనరిక్‌లే (బ్రాండు మందుకు బదులు అదే రసాయనంతో చౌకగా చేసేవి). వాటికి డబ్బు కట్టేవాళ్లలో ముఖ్యమైనవి రెండు: అమెరికా 2003లో మొదలుపెట్టిన ఎయిడ్స్ సాయ పథకం పెప్‌ఫర్, ఎయిడ్స్, క్షయ, మలేరియాల కోసం పెట్టిన అంతర్జాతీయ నిధి గ్లోబల్ ఫండ్. 2025 జనవరి 20న అమెరికా తన విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేసింది. జులై 1 నాటికి ఆ సాయాన్ని పంచే యూఎస్‌ఎయిడ్ సంస్థే మూతపడి, మిగిలిన పనులు విదేశాంగ శాఖలో కలిశాయి. ప్రాణాధార మందులకు మినహాయింపు ఇచ్చినా, రక్త పరీక్షలు చేసేవాళ్లకు, మందులు ఊళ్లకు చేర్చేవాళ్లకు జీతాలు ఆగితే మాత్రలు గోదాములోనే ఉండిపోతాయి. తర్వాతి ఆర్డరు తగ్గేది అప్పుడే. మీ యూనిట్‌లో చేసేది ఇలాంటి టెండర్లకు పోయే మందా, మామూలు మార్కెట్‌కు పోయేదా తెలుసుకోండి. టెండరు మందైతే ఒడిదొడుకులు తప్పవు.

అమెరికా ఒక్కటే కాదు. ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లోనే తీర్మానించింది. ఆ మాట నిలబెట్టుకుంటున్న దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బ్రిటన్ 2021లో 0.5కు దిగింది, 2027కల్లా 0.3కు దిగుతానంది. 2024 నవంబరులో బాకూలో జరిగిన వాతావరణ సదస్సు 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లు అని లక్ష్యం పెట్టింది కానీ, అందులో ఎంత గ్రాంటు, ఎంత అప్పు అన్నది తేల్చలేదు. ఇప్పటికే వడ్డీలు కట్టలేక ఆస్పత్రుల ఖర్చు కోసుకుంటున్న దేశాలకు సాయం పేరుతో మళ్లీ అప్పే ఇవ్వడం అన్యాయమని మా అభిప్రాయం.

ప్రశ్న: ఫ్లోరైడ్ తీసే 'నల్లగొండ పద్ధతి' ఆఫ్రికాకు పోయిందని విన్నాం. నిజమేనా? ఇంట్లో చేసుకోవచ్చా? – ఒక ఉపాధ్యాయురాలు, మర్రిగూడ మండలం

నిజమే. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన ఈ పద్ధతి (పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్‌ను మడ్డిగా దింపడం) మీ జిల్లా పేరుతోనే టాంజానియా, కెన్యా, ఇథియోపియాల దాకా పోయింది. అక్కడి రిఫ్ట్ లోయలో అగ్నిపర్వతాల రాళ్ల వల్ల కొన్నిచోట్ల నీళ్లలో ఫ్లోరైడ్ మన దగ్గరికంటే చాలా ఎక్కువ.

టాంజానియాలో డెన్మార్క్ నిపుణులతో కలిసి దీన్ని రెండు బకెట్ల పనిగా మార్చుకున్నారు. 20 లీటర్ల బకెట్ నీళ్లలో 12.8 గ్రాముల పటిక, 6.4 గ్రాముల సున్నం ఒకేసారి వేస్తారు. కట్టెతో ఒక నిమిషం గట్టిగా, తర్వాత ఐదు నిమిషాలు మెల్లగా తిప్పి గంటసేపు కదపకుండా వదిలేస్తారు. తెల్లటి మడ్డి అడుగుకు దిగుతుంది. బకెట్ అడుగు నుంచి 5 సెంటీమీటర్ల పైన కుళాయి ఉంటుంది. దాని గుండా నీళ్లు నూలు గుడ్డలో వడకట్టుకుని రెండో బకెట్లోకి దిగుతాయి. కుళాయి ఆ ఎత్తులో పెట్టడంలోనే పనితనం ఉంది: మడ్డి కదలకూడదు, నీళ్లు దాని మీద నిలవ ఉండకూడదు. రాత్రంతా అలాగే వదిలేస్తే మడ్డి పట్టుకున్న ఫ్లోరైడ్ కొంత మళ్లీ నీళ్లలోకి వచ్చేస్తుంది.

ఈ కొలతలు అక్కడి నీళ్లవి. మీ దగ్గర అవే వాడొద్దు. పటిక ఎంత వేయాలన్నది ఫ్లోరైడ్‌తో పాటు నీటి క్షారతను బట్టి మారుతుంది. మన దగ్గరి పాత లెక్కలో సున్నం పటికలో ఇరవయ్యో వంతే. పటిక ఎక్కువై సున్నం తక్కువైతే నీళ్లు పుల్లబడి అల్యూమినియం మిగులుతుంది. భారతీయ ప్రమాణం ప్రకారం అది లీటరుకు 0.03 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 0.2 దాకా. నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 1500 మిల్లీగ్రాములు దాటితే ఈ పద్ధతి పనికిరాదు. కాబట్టి ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా మొదలుపెట్టకండి.

చాలాచోట్ల ఇది ఆగిపోయింది కూడా. కారణం రసాయనశాస్త్రం కాదు. రోజూ పటిక తూచి పోయాలి, మడ్డి ఎక్కడ పారబోయాలో చూడాలి, కొత్త పటిక బస్తా తెప్పించాలి. ప్రాజెక్టు డబ్బు ఉన్నన్నాళ్లు ఎవరో ఒకరు చేశారు. కెన్యాలోని నకురు ప్రాంతంలో రోజువారీ తూకం అక్కర్లేని ఎముకల బొగ్గు ఫిల్టర్ల వైపు మొగ్గారు.

ఇప్పుడు మీకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నాయి కాబట్టి తాగడానికీ వంటకూ అవే వాడండి. సరఫరా ఆగిన రోజున చాలా ఇళ్లలో తాగే నీళ్లు కొనుక్కుని, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్లతో వండుతారు. ఆ ఫ్లోరైడ్ కూడా ఒంట్లోకే పోతుంది. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. ఈ రెండు సంగతులు బడిలో పిల్లలకు చెప్పండి మేడమ్, వాళ్ల ద్వారా ఇళ్లకు చేరుతుంది.

ప్రశ్న: మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. ఢిల్లీలోని పెద్ద సంస్థ ద్వారా వచ్చే విదేశీ నిధులు ఆగిపోయాయి. సొంతంగా తెచ్చుకోగలమా? – అచ్చంపేట

విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు బదలాయించకూడదు. మీది ఆగింది అందుకే కావచ్చు. సొంతంగా తెచ్చుకోవాలంటే సంస్థకు మూడేళ్లు నిండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. ఆఫీసు ఖర్చు ఇందులో లెక్కకు రాదు. దరఖాస్తు ఎఫ్‌సీ-3ఏ. అంత ఖర్చు లేకపోతే ఒక దాత, ఒక పనికి ముందస్తు అనుమతి అడగవచ్చు. అది ఎఫ్‌సీ-3బీ, దాత ఇచ్చే హామీపత్రం జతచేయాలి. డబ్బు మొదట ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. అందులో స్థానిక చందా ఒక్క రూపాయి కూడా కలపకండి, ఎక్కువమంది చిక్కుల్లో పడేది ఇక్కడే. పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు. డబ్బు రాని ఏడాది కూడా డిసెంబరు 31లోపు ఎఫ్‌సీ-4 రిటర్ను వేయాలి.

నిజం చెప్పాలంటే, మీలాంటి సంస్థ ముందు సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక పనులకు ఇచ్చే డబ్బు) వైపు చూడటం మేలు. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులు ఉంటే సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదు చేసుకోవచ్చు. కంపెనీలు తమ చుట్టుపక్కల ప్రాంతానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. కొత్తూరు, జడ్చర్ల పరిశ్రమలతో మొదలుపెట్టండి.

ప్రశ్న: గతంలో మా దగ్గర విదేశీ ప్రాజెక్టు ఒకటి రైతులతో బోర్ల నీళ్లు కొలిపించింది. ప్రాజెక్టు పోయింది, కొలవడం ఆగింది. మళ్లీ మేమే చేయగలమా? – ఒక రైతు, దేవరకొండ

మీరంటున్నది ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టు అయి ఉంటుంది. నెదర్లాండ్స్ డబ్బుతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా 2003 నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. ఎవరినీ బలవంతపెట్టలేదు, సబ్సిడీ ఇవ్వలేదు. రైతులే కొలిచారు, యాసంగికి ముందు కూర్చుని లెక్క చూసుకున్నారు, చాలామంది వరి తగ్గించుకున్నారు. కేంద్రం తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో ఏడు రాష్ట్రాల్లో తెచ్చిన అటల్ భూజల్ పథకంలోనూ ఊరి నీటి లెక్కే కీలకం. అందులో తెలంగాణ లేదు.

చేయడానికి కావలసింది ఒక డ్రమ్ము, ఒక ఫోను, ఒక నోటుబుక్కు. బోరు మోటరు వేసి అరగంట ఆగండి. వేసిన వెంటనే కొలిస్తే బోరులో నిలవున్న నీళ్లు ఎక్కువ చూపి మోసం చేస్తాయి. 200 లీటర్ల డ్రమ్ము 80 సెకన్లలో నిండితే సెకనుకు రెండున్నర లీటర్లు, గంటకు 9,000. రోజుకు ఏడు గంటలు పోస్తే 63,000. వరికి 120 రోజుల్లో 75 లక్షల లీటర్లు వస్తాయి. ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లంటే 48 లక్షల లీటర్ల పైనే. అంటే ఆ బోరు కింద ఎకరంన్నర. 500 మిల్లీమీటర్లు సరిపోయే పల్లి వేస్తే వంద రోజుల నీళ్లతో మూడెకరాలు పండుతుంది. ఫిబ్రవరిలో మళ్లీ కొలవండి, ధార తగ్గి ఉంటుంది. నాట్లేసే ముందు ఆ తగ్గుదలను కూడా తీసేసి లెక్క వేసుకోవాలి.

ఊరి లెక్క ఇంకా కఠినం. మన గ్రానైట్ నేలల్లో వానలో సుమారు పదోవంతే లోపలికి ఇంకుతుంది. 600 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరానికి ఇంకేది రెండున్నర లక్షల లీటర్లలోపే. మడిలోంచి సగం నీళ్లు తిరిగి ఇంకుతాయనుకున్నా, ఒక్క ఎకరం వరి పది ఎకరాల్లో ఇంకిన వాన తాగుతుంది. ఈ లెక్కను గ్రామసభలో గోడమీద రాయండి. ఏ రైతునూ వేలెత్తి చూపకుండానే మాట మొదలవుతుంది.

నీటిమట్టానికి వాడకంలో లేని బోరును ఎంచుకోండి. మోటరున్న బోరులోకి టేపు వదిలితే పైపుకు చుట్టుకుని ఇరుక్కుంటుంది. పదిహేను రోజులకోసారి, పొద్దున్నే, చుట్టుపక్కల మోటర్లు వేయకముందు కొలవాలి. కొలిచే మనిషికి ఊరే ఏదో ఒకటి ఇవ్వాలి. ప్రాజెక్టు పోయాక పని ఆగిన ఊళ్లలో లోటు సాధారణంగా ఇదే.

ప్రశ్న: మా మండల సమాఖ్యను చూడటానికి విదేశీ బృందాలు వస్తుంటాయి. వాళ్లకు ఏం చూపాలి? – ఒక సంఘం లీడర్, మక్తల్ ప్రాంతం

పుస్తకాలు చూపండి అక్కా. పాలమూరు మహిళా సంఘాలు 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ పథకంతో, 2000 నుంచి ప్రపంచ బ్యాంకు సాయంతో వచ్చిన వెలుగు పథకంతో ఎదిగాయి. 2011లో దేశమంతటా మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్‌కు ఇక్కడి అనుభవం ఒక పునాది. భారత్ 1964 నుంచి నడుపుతున్న ఐటెక్ శిక్షణల కింద రాజేంద్రనగర్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థకు విదేశీ అధికారులు వస్తుంటారు. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు అలాంటివాళ్లే కావచ్చు.

పాటలు, పూలదండలతో వాళ్ల సమయం అయిపోనివ్వకండి. తీర్మానాల పుస్తకం, పొదుపు లెక్క, బాకీల రిజిస్టరు ముందు పెట్టండి. కట్టని అప్పు ఉంటే దాచకుండా, సంఘం ఎలా వసూలు చేసిందో, ఎక్కడ చేయలేకపోయిందో చెప్పండి. 2010లో ప్రైవేటు మైక్రోఫైనాన్స్ అప్పులతో కుటుంబాలు ఎలా నలిగిపోయాయో కూడా చెప్పండి. ఒకే మనిషికి నాలుగు చోట్ల అప్పు ఇచ్చినప్పుడు ఏం జరుగుతుందో వాళ్ల ఊళ్లలో ఇంకా తెలియకపోవచ్చు. అలాగే మీరూ అడగండి: వాళ్ల దగ్గర లెక్కలు ఎవరు రాస్తారు, వడ్డీ ఎంత, వాన పోయిన ఏడాది వాయిదాలు ఏం చేస్తారు అని. అనువాదకుడు క్లుప్తంగా చెప్పి దాటేస్తుంటే ఆపి, పూర్తిగా చెప్పమనండి.