లైబ్రేరియన్లకు రోజంతా పుస్తకాలు చదువుకునే వీలుంటుందా? మీరు ఎక్కువగా ఏం చదువుతారు?

డ్యూటీ టైములో కుదరదు. బస్సులో, మధ్యాహ్నం గ్రంథాలయం మూసి ఉండే వేళలో, రాత్రి ఇంటి పని అయ్యాక చదువుతాను. ఏం చదువుతానంటే, ప్రేమ నవలలు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ మొహం మారిపోతుంది. లైబ్రేరియన్ అంటే చరిత్ర గ్రంథాలో, వేదాంతమో చదువుతుందని అనుకుంటారు కాబోలు. నేను శ్రీకాకుళం జిల్లాలో, ఉద్దానం వైపు ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. ప్రేమ నవలలు చదవని మనిషి మా కౌంటర్లో కూర్చుంటే సగం పని చేయలేదని నా గట్టి అభిప్రాయం.

"మీకేంటండీ, హాయి ఉద్యోగం, చుట్టూ పుస్తకాలే" అని చాలామంది అంటారు. ఉదయం 8కి తలుపు తీసేసరికే పేపర్ల కోసం రిటైరైన మాస్టార్లు గుమ్మంలో ఉంటారు. వాళ్ళ వెనకే కానిస్టేబుల్, గ్రూప్-2, డీఎస్సీ పిల్లలు సొంత పుస్తకాలు, నీళ్ళ సీసాలతో వచ్చి ఫ్యాను కింద కుర్చీలు పట్టేస్తారు. కొత్త పుస్తకాలొస్తే ఒక్కోదానికీ అక్సెషన్ నంబరు, అంటే మా లెక్కలో దాని వరస నంబరు, వేయాలి, రిజిస్టర్లో ఎక్కించాలి, ముద్ర కొట్టాలి, స్లిప్పు అంటించాలి. నెలాఖరుకి లెక్కలు పంపాలి. 11కి మూసి, మళ్ళీ 4 నుంచి 7 దాకా ఇదే వరస. మధ్యలో ఎవరైనా వచ్చి "ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి మేడం" అంటారు చూడండి, అసలు ఉద్యోగం అక్కడ మొదలవుతుంది. ఆ మనిషికి ఏది మంచిదో చెప్పాలంటే నేను చదివి ఉండాలి కదా.

నాకు ఈ చదువు మా అమ్మ దగ్గర నుంచి వచ్చింది. మాది విజయనగరం. వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళని అమ్మ ప్రతివారం జాగ్రత్తగా చింపి, ఒక పాత సూట్‌కేసులో దాచి, ముగింపు వచ్చాక దబ్బనంతో కుట్టి, పైన క్యాలెండర్ కాగితం అట్ట వేసేది. అలా కుట్టిన నవల మా వీధిలో ఇల్లిల్లూ తిరిగేది. యద్దనపూడి సులోచనారాణి నవల ఒకటి మా ఇంటికి తిరిగొచ్చేసరికి అట్ట మీద పసుపు మరకలు, లోపల ఎవరిదో బస్సు టికెట్టు ఉన్నాయి. విజయనగరంలోనే పుట్టిన ద్వివేదుల విశాలాక్షి నవలల్ని అమ్మ "మనూరి ఆవిడ రాసింది" అని ప్రత్యేకంగా ఇంకో అరలో పెట్టేది. అయిదో క్లాసుతో బడి మానేసిన మా అమ్మ ఈ నవలలు చదివే చదవడం నిలబెట్టుకుంది. మా ఉత్తరాంధ్రలో ఒక తరం ఆడవాళ్ళకి చదివే అలవాటు నిలిచింది బడి వల్ల కాదు, ఈ నవలల వల్లే అని నేను ఎక్కడైనా చెబుతాను.

ఇంక అసలు సంగతికి వస్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు ఎలా పోయాయో అందరికీ తెలుసు. మా గ్రంథాలయం సంగతి ఎవరూ రాయలేదు. కిటికీ రెక్క ఊడి, వాన రాత్రంతా లోపలికి కొట్టింది. నవలల బీరువా ఆ కిటికీ పక్కనే ఉండేది. నీళ్ళు దిగాక వరండాలో తాళ్ళు కట్టి, పుస్తకాలని మధ్యకి తెరిచి ఆరేశాం. కొన్ని బతికాయి. కొన్నిటికి చివరి పేజీలు అట్టకి అతుక్కుపోయి, విడదీస్తే పొడిపొడిగా రాలిపోయాయి. అలా చివరి ఫారం, అంటే ఆఖరి పేజీల కట్ట, పోయిన నవల ఒకటి ఉంది. పేరు చెప్పను, ఎందుకంటే కింద దాని ముగింపు గురించి మాట్లాడబోతున్నాను, చదవని వాళ్ళకి అన్యాయం అవుతుంది.

ఆ నవలని జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ తీసుకెళ్ళింది. నాకంటే పెద్దది, అప్పా అని పిలుస్తాను, మా వైపు అప్ప అంటే అక్క. మీరు పలాస వైపు వస్తే చూడండి, జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళ కొసలు నల్లబడి ఉంటాయి. పిక్క తొక్కలో ఉండే జీడి నూనె ఒంటికి తగిలితే చర్మం కాలిపోతుంది, పొరలు పొరలుగా లేచిపోతుంది. నూనో బూడిదో రాసుకుని కొట్టినా ఆ నలుపు పోదు. అప్ప తిరిగి ఇచ్చిన ప్రతి పుస్తకంలోనూ పేజీల కుడివైపు కింది మూలన, తిప్పే చోట, గోధుమరంగు మరక ఒకటి ఉంటుంది. ఆ మరక ఎక్కడిదాకా ఉందో చూస్తే పుస్తకం ఎంతవరకు చదివిందో నాకు తెలిసిపోతుంది. నూటికి తొంభై పుస్తకాలకి చివరి పేజీ దాకా ఉంటుంది.

ఒక సాయంత్రం పని దిగి, తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి పుస్తకం పెట్టింది.

"మేడంగారూ, ఇదేటండి, ఆకరి కాయితాలు నేవు! రాత్రి అందరూ పడుకున్నాక కూకొని సదువుతన్నాను. ఆడు టేసనుకి వచ్చినాడు. ఆ పిల్ల బండెక్కీసింది. అక్కడితో అయిపోనాది. నాకు నిద్దర పట్నేదు. ఏటయిందో మీకు తెల్సా?"

తెలుసు. ఆ నవల నేను ఇంటర్ చదివేటప్పుడే చదివాను, తర్వాత కూడా చదివాను. "కూర్చో అప్పా, చెబుతాను" అని కుర్చీ లాగి ఇచ్చాను. రైలు కదిలాక అతను ప్లాట్‌ఫాం మీద ఏం చేశాడో, ఆ అమ్మాయి తర్వాతి స్టేషన్లో ఎందుకు దిగిపోయిందో, వర్షంలో ఆ చిన్న స్టేషన్ బెంచీ మీద ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో, అన్నీ చెప్పాను. డైలాగులు గుర్తున్నవి గుర్తున్నట్టే చెప్పాను. చెబుతుంటే గది నిశ్శబ్దంగా ఉందని అర్థమైంది. పేపరు చదివే మాస్టారు పేజీ తిప్పడం మానేశారు. కానిస్టేబుల్ పరీక్షకి చదివే ఒక అబ్బాయి పెన్ను పక్కన పెట్టి, చెప్పడం అయ్యాక "మేడం, మరి వాళ్ళ చెల్లెలి పెళ్ళి ఏమైంది?" అని అడిగాడు. అదీ చెప్పాను.

అప్పకి మాత్రం ముగింపు నచ్చలేదు. "అలగెలగండీ? అంత ఏడిపించీసి, ఆకర్ని ఒక్క మంచి మాటన్నాడని ఎలిపోద్దా? నానైతే ఎల్ను" అంది. నేను ఆ అమ్మాయి తరఫున వాదించాను. తాళం వేసే టైము దాటిపోయినా ఇద్దరం గుమ్మంలో నిలబడి వాదించుకుంటూనే ఉన్నాం. ప్రేమించినవాణ్ణి ఎప్పుడు క్షమించాలి, ఎప్పుడు క్షమించకూడదు అనే విషయం మీద అంత నిక్కచ్చిగా మాట్లాడిన మనిషిని ఏ సాహిత్య సభలోనూ నేను చూడలేదు. ఆ మర్నాడు ఫ్యాక్టరీ నుంచి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళు కథ అప్ప నోట విన్నారట, ముగింపు నా నోట వినాలట.

ఆ రాత్రే కూర్చుని, నాకు గుర్తున్నంత వరకు ఆ నవల ముగింపుని తెల్లకాగితాల మీద గుండ్రటి అక్షరాలతో రాశాను. మైదాపిండి జిగురుతో పుస్తకం చివర అతికించాను. "అసలు పేజీలు తుఫానులో పోయాయి, ఇది కథ సారాంశం మాత్రమే" అని పైన రాశాను. ఇప్పుడు ఆ నా కాగితాల మూలన కూడా అవే గోధుమరంగు మరకలు ఉన్నాయి. కింద ఎవరో పెన్సిలుతో "ఆవిడ ఎల్లకుండా ఉండాల్సింది" అని రాశారు. అప్ప కాదు, ఆమె చేతిరాత నాకు తెలుసు.

కొన్నాళ్ళకి తనిఖీకి వచ్చిన ఒక పెద్దాయన ఇదే పుస్తకం చేతిలోకి తీసుకుని, "చిరిగిన చెత్త నవలలన్నీ తొలగింపు జాబితాలో రాసేయండి, ఆ బీరువా పోటీ పరీక్షల పుస్తకాలకి వాడండి" అన్నారు. నేను పుస్తకం వెనక అట్ట తీసి, ఎవరైనా తీసుకెళ్ళినప్పుడల్లా తేదీ వేసే స్లిప్పు చూపించాను. స్లిప్పు నిండిపోయి దాని మీద ఇంకో స్లిప్పు అంటించి ఉంది. పక్కనే ఉన్న ఒక పెద్ద గ్రంథం తీసి దాని స్లిప్పు కూడా చూపించాను, తెల్లగా ఉంది. ఆయన ఏమీ అనలేదు. పుస్తకం జాబితాలోకి వెళ్ళలేదు. కానీ ఆ "చెత్త" అనే మాట ఇప్పటికీ నాకు కోపం తెప్పిస్తుంది. పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి 894.827 అని ఒకటే నంబరు. అవార్డు వచ్చిన నవలా, ప్రేమ నవలా ఆ నంబరు కిందే పక్కపక్కన నిలబడతాయి. ఎక్కువ తక్కువలు మనుషులు పెట్టినవే. లైబ్రరీ సైన్సు చదివిన ప్రతివాళ్ళూ గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాలు పరీక్షలో రాసే ఉంటారు. వాటిలో రెండు: ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. ఆ సూత్రాల్లో ప్రేమ నవల తప్ప అని ఎక్కడా లేదు.

పోటీ పరీక్షల పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్ళకి ఉద్యోగం కావాలి, ఆ గైడ్లు కావాలి. కానీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా ఊళ్ళో ప్రతి ఇల్లూ కడుతోంది. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి కావలసిన పుస్తకాలు కొనమంటే మాత్రం అందరికీ నామోషీ. పైగా మా వేళలు చూడండి. ఉదయం 8 నుంచి 11 అంటే ఆడవాళ్ళు పనుల్లో ఉంటారు, సాయంత్రం 4 నుంచి 7 అంటే పిల్లలు, పొయ్యి. మధ్యాహ్నం కాస్త తీరిక దొరికే టైముకి మేం తాళం వేసుకుంటాం. "ఆడవాళ్ళు లైబ్రరీకి రారండీ" అని మళ్ళీ మనమే అంటాం.

ఇంకో బాధ కూడా చెప్పాలి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టారు. ఎక్కడెక్కడి పత్రికల్లోనో పడి ఉన్న తెలుగు కథలన్నీ ఒకచోటికి చేర్చారు. సాహిత్య అకాడమీ అవార్డు డబ్బు కూడా దానికే పెట్టారు. వెళ్ళినప్పుడల్లా ఆ బీరువాల ముందు నిలబడి దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది. మా జిల్లాలో ఒక మనిషి పట్టుబట్టబట్టి కథ బతికింది. వారపత్రికల్లో వచ్చిన ప్రేమ సీరియళ్ళకి అలాంటి మనిషి దొరకలేదు. పుస్తకంగా రానివి ఎన్నో మా అమ్మ లాంటి వాళ్ళ సూట్‌కేసుల్లోనే ఉండిపోయాయి. ఆ అమ్మలు పోయాక పిల్లలు కిలోల లెక్కన అమ్మేస్తున్నారు.

ఈమధ్య కొంతమంది ప్రతిలిపి లాంటి యాప్‌లలో ఫోన్లోనే ప్రేమ కథలు చదువుతున్నారు. మంచిదే, చదవనివ్వండి. అప్ప కూతురు అలాగే చదువుతుంది, అప్పకి వినిపిస్తుంది. అయినా అప్పకి పుస్తకమే కావాలి. ఫోన్ తెర మీద తన వేళ్ళు సరిగ్గా పనిచేయవని, అరిగిపోయాయని చెప్పింది. వేలిముద్ర పడక రేషన్ దగ్గర కూడా ఆమెకి ఇబ్బందే.

ప్రశ్న అడిగినవాళ్ళు ఈ ఉద్యోగంలోకి రావాలనుకుంటున్నట్టున్నారు. రండి. సర్టిఫికెట్ కోర్సు చేయండి, వర్గీకరణ నేర్చుకోండి, రిజిస్టర్లు రాయడం వారంలో వచ్చేస్తుంది. దాంతోపాటు మీ ఊళ్ళో ఆడవాళ్ళు ఏం చదువుతున్నారో కనుక్కుని, అవి మీరూ చదవండి. సిగ్గుపడకుండా, కౌంటర్ మీద అందరికీ కనిపించేలా పెట్టుకుని చదవండి. మీరు చదువుతున్నది చూశాకే చాలామంది నోరు తెరిచి "అదే నాకూ కావాలి" అని అడుగుతారు. ఆ పెద్దాయన తనిఖీ అయ్యాక నేను చేసింది ఇదే. మా నవలల బీరువా ముందు ఇప్పుడు సాయంత్రం 6 దాటాక పిక్కల పని నుంచి వచ్చేవాళ్ళు వరస కడుతున్నారు.

మీ ఇళ్ళలో పాత నవలలు, కుట్టిన సీరియళ్ళు ఉంటే పాత కాగితాల వాడికి వేయకండి. దగ్గర్లో ఉన్న శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి, దానంగా తీసుకుని నంబరు వేస్తాం. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో తలుపు తీసి ఉండే వేళల్లో రావచ్చు.